ఆ గౌనుకి జిప్పు ఎక్కడ?

జపాన్ అమ్మాయిల కామిక్స్‌లో, అంటే షోజో మాంగాలో, కనిపించే బట్టల్ని నిజంగా కుట్టుకుని వేసుకోవచ్చా అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. నిక్షేపంగా వేసుకోవచ్చు. కానీ బొమ్మని ముందు పెట్టుకుని దాని గీతల వెంటే కత్తెర నడిపితే చేతికి వచ్చేది వేషం. వేసుకునే బట్ట కావాలంటే ఇంకాస్త వెనక్కి వెళ్ళాలి. ఆ బొమ్మ గీసినావిడ ఏ బట్టని చూసి గీసిందో, ఆ బట్టని ఎవరు ఎలా కుట్టారో తెలుసుకుని, అక్కణ్ణించి మన ఒంటి కొలతలతో మొదలుపెట్టాలి. నాకు కుట్టుమిషన్ మీద ప్రేమ పుట్టించినవి టైలరింగ్ పుస్తకాలు కావు, ఈ కామిక్సే. అందుకే ఈ విషయంలో కాస్త పట్టుదలగా మాట్లాడతాను.

ఇప్పుడు బజార్లో దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి, పాత్ర మొహాన్ని గుండెల మీద అచ్చేసిన టీ షర్టు. అవి నా దగ్గరా ఉన్నాయి, ఇష్టంగానే వేసుకుంటాను. అయితే అది ఆ పాత్ర వేసుకున్న బట్ట కాదు కదా, ఆ పాత్ర ఫొటో. మన దగ్గర బాపు బొమ్మల చీరలు ఎంత మురిపెంగా కట్టుకుంటారో తెలిసిందే. కొంగు మీద బాపు గీసిన అమ్మాయి ఉంటుంది. ఆ అమ్మాయి వేసుకున్న ఓణీ, దాన్ని బొడ్లో దోపిన తీరు, ఆ జాకెట్టు చేతుల పొడవు కావాలంటే మాత్రం చీర కొంటే సరిపోదు, టైలర్ దగ్గర కూర్చోవాలి.

రెండోది ఆన్‌లైన్‌లో ప్యాకెట్టులో వచ్చే కాస్ప్లే డ్రెస్సు, అంటే కామిక్ పాత్రలా వేషం కట్టడానికి అమ్మేది. మెరిసే పాలిస్టర్ శాటిన్, లోపల లైనింగ్ ఉండదు, కాలర్లో బక్రం ఉండదు, అంచులకి ఓవర్‌లాక్ కూడా సరిగ్గా ఉండదు. అన్నిటికంటే నన్ను బాధపెట్టేది చంక కోత. ఎవరికైనా పట్టాలని చంకని బాగా కిందికి కోసేస్తారు. అలా కోస్తే చెయ్యి కిందికి ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది, పైకెత్తగానే గౌను మొత్తం నడుముతో సహా పైకి లేస్తుంది. పరిగెత్తే, దూకే, పోట్లాడే అమ్మాయి కోసం గీసిన బట్టలో చెయ్యెత్తడానికి వీల్లేకపోవడం నాకు ఆ అమ్మాయికి చేసిన అన్యాయంలా అనిపిస్తుంది. ఇక ఆ శాటిన్‌తో హైదరాబాద్ ఎండలో నిలబడటం గురించి చెప్పక్కర్లేదు.

ఇక్కడ కాస్త చరిత్ర చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఈ కామిక్స్‌లోని బట్టలన్నీ ఊహలోంచి ఊడిపడ్డాయని అనుకుంటారు. షోజో మాంగా బొమ్మకి మూలాలు కుట్టు పనిలోనే ఉన్నాయి. నకహారా జున్ఇచి అని ఒక చిత్రకారుడు (1913–1983) ఉండేవాడు. 1930ల్లో ‘షోజో నో తొమో’ అనే అమ్మాయిల పత్రికకి ముఖచిత్రాలు వేసి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. పెద్ద పెద్ద కళ్ళు, సన్నటి ఒళ్ళు, శ్రద్ధగా ఎంచుకున్న బట్టలు. యుద్ధకాలంలో అలాంటి అమ్మాయి బొమ్మ పనికిరాదని సైన్యం వైపు నుంచి ఒత్తిడి వచ్చి, 1940లో ఆయన ఆ పత్రికకి బొమ్మలు వెయ్యడం ఆగిపోయింది. యుద్ధం ముగిసిన ఏడాదికే, 1946లో, సొంతంగా ‘సొరేయు’ అనే పత్రిక పెట్టాడు. 1947లో కాస్త చిన్న అమ్మాయిల కోసం ‘హిమవారి’, 1954లో ‘జూనియర్ సొరేయు’. ఊళ్ళకి ఊళ్ళు కాలిపోయి, తిండికీ బట్టకీ కరువుగా ఉన్న దేశంలో ఆయన అమ్మాయిలకి చెప్పింది ఏమిటంటే, మిగిలిన ముక్కల్ని అతికి స్కర్టు కుట్టుకోండి, చిరిగినచోట వేరే బట్ట ముక్కతో అప్లిక్ పువ్వు వెయ్యండి, ఉన్నదాంతోనే అందంగా ఉండండి అని. ఆయన బొమ్మ వేస్తే పక్కనే అది ఎలా కుట్టాలో ఉండేది. చూసి పేజీ తిప్పేయడానికి వేసిన బొమ్మలు కావవి, కుట్టుకోమని వేసినవి.

ఆయన దారిలోనే వచ్చిన తకహాషి మకోతో అనే చిత్రకారుడు 1958లో ‘షోజో’ అనే పత్రికలో ఒక కథ గీస్తూ, కామిక్ పేజీలో బొమ్మల్ని విడదీసే గళ్ళ గీతలతో సంబంధం లేకుండా పేజీ పైనుంచి కింది దాకా అమ్మాయిని నిలువెత్తున నిలబెట్టాడు. కథ పక్కన జరుగుతూ ఉంటుంది, ఆ అమ్మాయి మాత్రం తల నుంచి కాలి బూటు దాకా మనకి కనిపిస్తూ ఉంటుంది. ఫ్యాషన్ పత్రికల్లో డ్రెస్సు చూపించడానికి వేసే బొమ్మ కథలోకి నడిచి వచ్చిందన్నమాట. ఆ తర్వాత వచ్చిన షోజో మాంగా అంతా ఈ పద్ధతిని సొంతం చేసుకుంది. ఇప్పటికీ ముఖ్యమైన సన్నివేశంలో అమ్మాయి నిలువుగా, పేజీ అంచులు దాటి నిలబడుతుంది, కొత్త గౌనులో. ఆ పేజీ దగ్గర ఆగని పాఠకురాలు ఉంటుందని నేననుకోను.

కాబట్టి బట్ట ముందు, బొమ్మ తర్వాత. ఈ వరస గుర్తుంటే సగం పని అయిపోయినట్టే.

మిగతా సగం కష్టం. మా కాలనీ చివర నల్గొండ వైపు నుంచి వచ్చిన కటింగ్ మాస్టర్ ఒకాయన ఉన్నాడు. పెళ్ళి లెహంగాలు, స్కూల్ యూనిఫారాలు, బ్లౌజులు, ఏదైనా కోస్తాడు. ఒకసారి ఆయనకి ఫోన్లో ఒక మాంగా పేజీ చూపించాను. కళ్ళజోడు పైకి జరుపుకుని చాలాసేపు చూశాడు.

“గౌను మంచిగుందమ్మా. గానీ దీన్లకి నువ్వు పోయేదెట్ల? జిప్పు యాడుంది?”

నేను నవ్వాను, ఆయన నవ్వలేదు. “ఎనక ఎట్లుంటది?” అన్నాడు. వెనక బొమ్మ లేదన్నాను. “మరి ఎనక లేని గౌను నేనెట్ల కొయ్యాలె?”

నాకు తెలిసినంతలో ఈ విషయం మీద ఇంతకంటే మంచి ప్రశ్నలు ఎవరూ వెయ్యలేదు. కామిక్‌లో బట్టకి తెరుచుకునే చోటు ఉండదు. నడుము సన్నగా, మెడ ఇరుగ్గా ఉంటుంది, హుక్కు లేదు, కాజా లేదు. ముందు వైపు ఒక్కటే ఉంటుంది. బరువు ఉండదు, గాలి ఎటు వీస్తే కథకి బాగుంటుందో అటే అంచు ఎగురుతుంది. రంగు కూడా ముఖచిత్రానికీ మొదటి కొన్ని పేజీలకే. లోపలంతా నలుపు, తెలుపు, నీడ కోసం వేసే చుక్కల స్క్రీన్‌టోన్. పైగా మనిషి పొడవు తలకి ఏడు, ఏడున్నర రెట్లు ఉంటే ఆ అమ్మాయిలు ఎనిమిది తొమ్మిది రెట్లు ఉంటారు, ఆ పెరిగిన పొడవంతా కాళ్ళలోకే పోతుంది.

వీటిలో కొన్నిటికి జవాబులు తేలికే. కాళ్ళు పొడుగ్గా కనిపించాలంటే నడుము కుట్టుని అసలు నడుము కంటే కాస్త పైకి తీసుకెళ్ళాలి, పై భాగం పొట్టి చెయ్యాలి. భుజం కుట్టు ఒక పిసరు లోపలికి జరిపితే భుజాలు సన్నబడతాయి. స్కర్టు గంటలా నిలబడాలంటే లోపల కాన్‌కాన్ నెట్, అంటే గట్టి వల బట్ట, వెయ్యాలి. మన టైలర్లందరికీ లెహంగాల పుణ్యమా అని ఇది కొట్టిన పిండి. కాన్‌కాన్‌ని గౌనుకే కుట్టేయకుండా విడిగా, లోలంగాలా కుట్టుకోమని మాత్రం గట్టిగా చెప్తాను. అప్పుడు గౌను ఉతుక్కోవచ్చు, మామూలు రోజున కాన్‌కాన్ లేకుండా వేసుకోవచ్చు. జపాన్‌లో లోలిటా ఫ్యాషన్ (గంటలాంటి స్కర్టులు, లేసులతో బొమ్మలా తయారయ్యే పద్ధతి) బట్టలు కుట్టేవాళ్ళు, 1988లో మొదలైన బేబీ ద స్టార్స్ షైన్ బ్రైట్ లాంటి బ్రాండ్లు, ఈ పని ఎప్పుడో చేసి చూపించారు. గంటలాంటి ఆకారం కోసం ప్యానియర్ అనే విడి లోలంగా, కొలతలు అటూ ఇటూ అయినా సర్దుకునేలా వీపు వైపు ఎలాస్టిక్ దారంతో సన్న కుచ్చులు పెట్టే షిర్రింగ్. లోలిటా ఫ్యాషన్ కామిక్స్‌లోంచి నేరుగా వచ్చింది కాదు. కానీ కామిక్ బొమ్మలోని అమ్మాయి కోరుకున్నదే అదీ కోరుకుంది, దాన్ని రోడ్డు మీద నడిచే బట్టగా కుట్టింది. వెనక భాగం ఎలా ఉండాలో తెలియనివాళ్ళు ఆ గౌన్లు తిప్పి చూస్తే చాలు.

రంగు సంగతి నేను కష్టంగా చూడను. అది మనకి ఇచ్చిన స్వేచ్ఛ.

ఇప్పుడు ఒక గౌను గురించి వివరంగా చెప్తాను. నవోకో తకెయుచి ‘సెయిలర్ మూన్’ 1991 డిసెంబరు చివర ‘నకయోషి’ పత్రికలో మొదలైంది. అందులో రాకుమారి సెరెనిటీ వేసుకునే తెల్ల గౌను తెలియని అభిమాని ఉండదు. పొడుగ్గా, నిటారుగా, గుండెల దగ్గర బంగారు రంగు వలయాలతో ఉంటుంది. అది ఊహలోంచి వచ్చింది కాదు. పారిస్ ఫ్యాషన్ సంస్థ క్రిస్టియన్ డియోర్‌కి అప్పట్లో డిజైనర్‌గా ఉన్న జాన్‌ఫ్రాంకో ఫెర్రే 1992 వేసవి కోసం చూపించిన ‘పల్లాదియో’ అనే గౌను ఆధారంగా గీసింది. పల్లాదియో ఇటలీలో 16వ శతాబ్దపు వాస్తుశిల్పి. గౌనంతా సన్నటి నిలువు కుచ్చులు, గుడి స్తంభం మీద నిలువునా చెక్కిన గాడుల్లాగా. బట్ట ఏమిటో తెలుసా? తెలుపులో కాస్త మీగడ రంగు కలిసిన సిల్కు జార్జెట్.

జార్జెట్ అని తెలియగానే నాకు ప్రాణం లేచొచ్చింది. జార్జెట్ మనకి కొత్తా? మన అమ్మలు ఏళ్ళ తరబడి కట్టిన చీర అది. ప్యాకెట్ డ్రెస్సులన్నీ ఈ గౌనుని మెరిసే శాటిన్‌తో కుడతాయి, ఎందుకంటే బొమ్మలో అది తెల్లగా వెలుగుతూ కనిపిస్తుంది. కానీ శాటిన్ వెలుగుని తిప్పికొడుతుంది. జార్జెట్ దారాన్ని బాగా మెలితిప్పి నేస్తారు, అందుకే ఉపరితలం గరుగ్గా ఉండి వెలుగుని లోపలికి తీసుకుంటుంది, పొడిపొడిగా జారుతుంది. తకెయుచి గీతల్లో ఉన్న ఆ మెత్తటి బరువు జార్జెట్‌ది. బొమ్మ వెనకున్న బట్ట దొరికితే బొమ్మ కూడా కొత్తగా అర్థమవుతుంది.

డాలస్‌లో పెరిగిన మా పిన్ని కూతురికి ఈ కథంటే పిచ్చి. పెళ్ళి కుదిరాక ఫోన్ చేసి, “అక్కా, నాకు కాస్ప్లే వద్దు. రిసెప్షన్‌లో అమ్మమ్మ పక్కన కూర్చున్నా బాగుండాలి, చూసినవాళ్ళలో తెలిసినవాళ్ళకి మాత్రం తెలియాలి” అంది. ఇంత స్పష్టంగా చెప్పిన కస్టమర్ నాకు మళ్ళీ దొరకలేదు.

మొదటి ప్రశ్న కుచ్చులు. సిల్కు జార్జెట్‌కి ఇస్త్రీతో పెట్టిన కుచ్చు ఆవిరి తగిలితే, చెమట తగిలితే విడిపోతుంది. పాలిస్టర్‌కి వేడితో పెట్టిన కుచ్చు నిలిచిపోతుంది, అది ఆ పోగు స్వభావం. జపాన్ డిజైనర్ ఇస్సే మియాకే 1993లో తెచ్చిన ‘ప్లీట్స్ ప్లీజ్’ బట్టలు నడిచేదే దీనిమీద. ముందు రెండున్నర మూడు రెట్లు పెద్దగా కుట్టేసి, తర్వాత కాగితాల మధ్య పెట్టి వేడి ప్రెస్సులో కుచ్చులు పెడతారు. మాకు సిల్కే కావాలి. అందుకని కుచ్చుల్ని నడుము కింద కొంతమేర దాకా లోపలి నుంచి కంటికి కనపడని చేతికుట్టుతో పట్టి ఉంచి, అక్కణ్ణించి కిందికి వదిలేశాం. పైన స్తంభంలా నిలబడింది, కింద నడిచినప్పుడు విచ్చుకుంది. కుచ్చు మీద కుచ్చు ఆనాలంటే బట్ట తుంటి కొలతకి మూడు రెట్లు పడుతుంది. కొనేటప్పుడే ఈ లెక్క వేసుకోవాలి, లేకపోతే అదే రంగు మళ్ళీ దొరకదు.

రెండోది, భుజం లేని గౌను జారకుండా ఎలా నిలబడుతుందన్నది. బొమ్మలో నిలబడిపోతుంది, ఒంటి మీద నిలబడదు. దీని రహస్యం గుండెల దగ్గర బిగించడంలో లేదు, నడుములో ఉంది. లోపల బోనింగ్ (బట్ట నిలబడటానికి పెట్టే సన్నటి గట్టి పట్టీలు) వేసిన లైనింగ్ కుట్టి, దానికి నడుము దగ్గర గట్టి గ్రోస్‌గ్రెయిన్ టేపు విడిగా వెయ్యాలి. వేసుకునేటప్పుడు ముందు ఆ టేపుకి హుక్కు పెట్టుకుని, తర్వాత జిప్పు లాగాలి. గౌను బరువంతా నడుము మీద కూర్చుంటుంది, అమ్మాయి ఊరికే పైకి లాక్కునే అవసరం ఉండదు. మాస్టర్ అడిగిన జిప్పు ఎడమ పక్క కుట్టులో దాక్కుంది.

మూడోది బంగారు వలయాలు. ఇక్కడ మన మగ్గం వర్క్ చేసేవాళ్ళు ఉన్నారు కాబట్టి ఏ చింతా లేదు. వాళ్ళకి అలవాటు ప్రకారం వలయాల మధ్య ఖాళీలో ముత్యాలు, రాళ్ళు నింపుదామన్నారు. వద్దని బతిమాలుకున్నాను. జర్దోసీతో ఉత్త వలయాలు, మధ్యలో ఉత్త తెలుపు. వెనకాల ఉండాల్సిన పెద్ద బో, అంటే రిబ్బను ముడి, తీసేశాం, ఎందుకంటే రిసెప్షన్ సోఫాలో గంటల తరబడి బో మీద కూర్చోవడం ఎవరివల్లా కాదు. దాని బదులు వెనక నడుము దగ్గర నుంచి రెండు పొడుగు జార్జెట్ పట్టీలు వదిలాం. ఆ రోజు చాలామంది పెద్దవాళ్ళు గౌను బాగుందన్నారంతే. మా చెల్లెలి స్నేహితురాళ్ళు మాత్రం స్టేజీ ఎక్కకముందే దూరం నుంచి చూసి కేకలు పెట్టారు.

ఇదీ నేను అడిగేది. పారిస్‌లో ఒకరు కుట్టిన బట్టని టోక్యోలో ఒకామె గీసింది, దాన్ని మనం ఇంకో ఒంటి కోసం తిరిగి కుడుతున్నాం. ఈ వరసలో ప్రతి ఒక్కరూ ఏదో వదిలేశారు, ఏదో కలిపారు. అచ్చం అలాగే ఉండాలని పట్టుబట్టాల్సిన పని మనకెందుకు?

దీనికి ఎదురు వాదన ఒకటుంది, అది బలమైనదే. కాస్ప్లే చేసే స్నేహితులు అంటారు, బో తీసేస్తే ఆ గౌను ఇక ఆ గౌను కాదు, పాత్ర మీద ప్రేమ ఉంటే పాత్రని పూర్తిగా గౌరవించాలి అని. వాళ్ళ పనితనం మీద నాకు చాలా గౌరవం. హైదరాబాద్ కామిక్ కాన్‌లో సొంత చేతులతో కుట్టుకొచ్చినవాళ్ళ కుట్టు చూస్తే బొటీక్‌లు సిగ్గుపడాలి. వాళ్ళు చేస్తున్నది రంగస్థలం పని. రంగస్థలానికి దాని ధర్మం వేరు. రియోకో ఇకెదా 1972లో ‘మార్గరెట్’ పత్రికలో మొదలుపెట్టిన ‘వెర్సాయ్ గులాబీ’ కథని 1974లో తకరజుక నాటక సంస్థ స్టేజీకెక్కించింది. అన్ని పాత్రలూ ఆడవాళ్ళే వేసే సంస్థ అది. దర్శకత్వం వహించిన సినిమా నటుడు హసెగవా కజువో, ఏ క్షణంలో ఏ దిక్కుకి చూస్తే లైట్లు పడి కళ్ళు కామిక్‌లోలాగా మెరుస్తాయో నటులకి నేర్పించాడని చెప్తారు. కళ్ళలో నక్షత్రాలు కూడా నిజం చెయ్యాలన్న పట్టుదల చూడండి! ఆ కథలో హీరోయిన్ ఆస్కర్ వేసుకునే సైనిక కోటు, భుజకీర్తులు, బంగారు జరీ అన్నీ దూరపు వరసలో కూర్చున్నవాళ్ళకి కనిపించాలి. అక్కడ అతిశయోక్తే నిజాయితీ.

కానీ స్టేజీ దిగాక? ఆ కథ చదివిన అమ్మాయి సోమవారం ఆఫీసుకి వెళ్తుంది. ఆస్కర్ కోటులోని ఏ ముక్క ఆమెతో ఆఫీసుకి వెళ్ళగలదన్నది నా ప్రశ్న. నిలువు కాలరు వెళ్ళగలదు. రెండు వరసల గుండీలు వెళ్ళగలవు. భుజం తీరుగా నిలబడేలా లోపల వేసిన కాన్వాస్ తప్పకుండా వెళ్ళాలి, ఎందుకంటే ఆ కోటు వేసుకున్న మనిషి నిలబడే తీరంతా అందులోనే ఉంది. భుజకీర్తులు ఇంట్లో ఉండనివ్వండి.

ఈ కామిక్స్ రాసినవాళ్ళకే కుట్టే చేతుల మీద ఎంత గౌరవమో చూస్తే నాకు ధైర్యం వస్తుంది. ‘సెయిలర్ మూన్’లో మంత్రంతో బట్ట మారిపోతుంది, నిజమే. కానీ క్లాంప్ అనే నలుగురు ఆడవాళ్ళ బృందం అదే ‘నకయోషి’లో 1996 నుంచి 2000 దాకా గీసిన ‘కార్డ్‌కాప్టర్ సకురా’లో హీరోయిన్‌కి మంత్రశక్తి ఉన్నా బట్టలు మాత్రం మంత్రంతో రావు. స్నేహితురాలు తొమొయో కుట్టి తెస్తుంది. ప్రతి సాహసానికీ ఒక కొత్త డ్రెస్సు. ఆ పిల్ల కుట్టేది స్నేహితురాలి కోసం, ఆ స్నేహితురాలు ఎగరాలి, దూకాలి, పడిపోకుండా ఉండాలి. చదువుకునే వయసులో ఈ ఒక్క పాత్ర నాకు చేసిన మేలు ఇంతా అంతా కాదు. గౌను వేసుకునే అమ్మాయే కాదు, కుట్టే అమ్మాయి కూడా కథలో ఉండొచ్చని అప్పుడే తెలిసింది.

అయి యజావా ఇంకో అడుగు ముందుకెళ్ళింది. ఒసాకాలో ఫ్యాషన్ స్కూల్లో చేరి ఆ చదువు రుచి చూసిన మనిషి. 1995లో ‘రిబొన్’ పత్రికలో మొదలైన ‘గొకిన్జో మొనొగతారి’లో హీరోయిన్ మికాకో సొంత బ్రాండ్ పెట్టాలని కలగనే విద్యార్థి. స్నేహితులంతా కలిసి చేత్తో చేసిన వస్తువులు ఫ్లీ మార్కెట్‌లో అమ్ముతారు. చదివేది పది, పన్నెండేళ్ళ పిల్లలు. వాళ్ళకి కుట్టడమే కాదు, ధర కట్టడం, అమ్మడం కూడా కథగా చెప్పింది. తర్వాత 1999 నుంచి 2003 దాకా ‘ప్యారడైజ్ కిస్’ వచ్చింది. అది వచ్చింది కామిక్స్ పత్రికలో కాదు, ‘జిప్పర్’ అనే ఫ్యాషన్ పత్రికలో. వీధిలో అమ్మాయిలు నిజంగా వేసుకున్న బట్టల ఫొటోల మధ్య ఆ కథ. అందులో జార్జ్ అనే కుర్రాడు అద్భుతమైన గౌన్లు కుడతాడు, వాటిని కొనేవాళ్ళు ఉండరు. ఒక్కొక్కటీ అంత పనితో, అంత ఖర్చుతో కుట్టినవి షాపుల్లో అమ్ముడుపోవు. చివరికి అతను నాటకాలకి దుస్తులు కుట్టేవాడవుతాడు. ప్రతిభ ఉన్నా లెక్క కుదరకపోవచ్చని అమ్మాయిల కామిక్ ఇంత సూటిగా చెప్పడం నాకు ఇప్పటికీ గొప్పగా ఉంటుంది.

ఎందుకంటే ధర ప్రశ్న నుంచి ఎవరం తప్పించుకోలేం. మంచి బట్ట, లైనింగ్, మాస్టర్ కూలి, మగ్గం పని కలిపితే ప్యాకెట్ డ్రెస్సు ధరకి ఎన్నో రెట్లు అవుతుంది. యజావాదే ఇంకో కథ ‘నానా’ చదివి ఇంగ్లండ్ డిజైనర్ వివియన్ వెస్ట్‌వుడ్ బ్రాండు ఉంగరం, చెక్క సోలు ఉన్న రాకింగ్ హార్స్ చెప్పులు కొనుక్కోవాలని కలలుగన్నవాళ్ళు ఎందరో. ఆ కథలో బట్టలు నిజమైన షాపు బట్టలే కాబట్టి అక్కడ కుట్టే పనే లేదు, కొనే పని. నాకు అది అంతగా నచ్చదు. డబ్బున్నవాళ్ళకే తెరుచుకునే తలుపు అది. నకహారా ముక్కలు అతికి కుట్టుకోమన్నది గుర్తొస్తుంది. నానా నుంచి తీసుకోవలసింది ఉంగరం కంటే, ఎర్ర గళ్ళ బట్టని నల్ల తోలుతో కలిపి వేసుకునే ఆ తెగువ. అది చేనేత గళ్ళ లుంగీ బట్టతోనూ వస్తుంది.

చేనేత మాట వచ్చింది కాబట్టి, నేను ఇప్పుడు చేస్తున్న పని చెప్తాను. యమతో వకీ అనే ఆవిడ 1975–77లో ‘షోజో ఫ్రెండ్’లో గీసిన ‘హైకరా-సాన్ గా తోరు’ అనే కథ ఉంది. తైషో కాలం, అంటే 1912–26 నాటి కథ. హీరోయిన్ బెనియో కిమోనో మీద హకమా కట్టి, తలకి పెద్ద రిబ్బను పెట్టి, కాళ్ళకి బూట్లు వేసుకుని తిరుగుతుంది. హకమా అంటే ముందు లోతైన కుచ్చులున్న, నడుముకి కట్టుకునే పొడుగు లంగా లాంటిది. తైషోకి ముందున్న మెయిజీ కాలంలో చదువుకునే అమ్మాయిల కోసం ముదురు మెరూన్ రంగు హకమా వచ్చింది. కిమోనో ముందు భాగం ఒకదానిమీద ఒకటి వేసేది కదా, పరిగెత్తితే విడిపోతుంది. హకమా వచ్చాక అమ్మాయిలు ఆటలాడగలిగారు. ఆడపిల్లల చదువుతో పాటు పుట్టిన బట్ట అది, కథలో బెనియో అల్లరంతా ఆ బట్ట ఇచ్చిన కదలికే. ఇప్పుడు జపాన్‌లో కాలేజీ పట్టా తీసుకునే రోజున అమ్మాయిలు హకమా కట్టుకోవడం మామూలు. ఆ అలవాటు తిరిగి ఊపందుకోవడంలో ఈ కామిక్‌కి చాలా వాటా ఉందని చెప్తారు. కామిక్‌లోంచి నిజం బట్టగా మారినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ ఇదే, ఎందుకంటే ఎవరూ దాన్ని బెనియో వేషం అనుకుని కట్టుకోరు. తమ పట్టా రోజు బట్టగా కట్టుకుంటారు.

ఆ కిమోనో మీద ఉండే బాణపు ఈకల డిజైన్ పేరు యగసురి. కసురి అంటే మన ఇక్కత్ లాంటి నేతే. నూలుకి ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, తర్వాత నెయ్యడం. పోచంపల్లిలో, పుట్టపాకలో పాత సైకిల్ ట్యూబు రబ్బరు పట్టీలతో నూలుకి ముడులు కట్టడం మీరు చూసే ఉంటారు. అదే పని, అదే ఓపిక. కాబట్టి బెనియో బట్ట కోసం నేను జపాన్ పాలిస్టర్ ప్రింటు తెప్పించుకోవాల్సిన పని లేదు. యగసురి పోగులు పడుగులో ఉంటాయి. రంగు వేసిన పోగుల్ని పక్కపక్కన కొంచెం కొంచెం జరిపితే ఈక ఏటవాలు వస్తుంది. ఊదా, తెలుపు రెండే రంగుల్లో, పడుగు ఇక్కత్‌గా నెయ్యడం గురించి పోచంపల్లిలో ఒక నేత కుటుంబంతో మాట్లాడుతున్నాను. వాళ్ళు డిజైన్ చూసి, ఒక వరస ఈకలు పైకీ ఒక వరస కిందికీ ఎందుకున్నాయని అడిగి, మగ్గం మీద సరిచూసుకోవడానికి చిన్న ముక్క ముందు వేస్తామన్నారు.

కిమోనో బట్ట వెడల్పు సన్నం, దాదాపు 36 సెంటీమీటర్లు, అందుకే వీపు మధ్యలో కుట్టు వస్తుంది. మన మగ్గం వెడల్పుకి ఆ కుట్టు అక్కర్లేదు. కిమోనో బదులు అడ్డంగా వేసుకునే జాకెట్టు లాంటి టాపు కోస్తున్నాను, చేతులు మోచేతి దాకా, లోపల మల్మల్ లైనింగ్. హకమాకి ముదురు మెరూన్ చేనేత కాటన్, పక్కల తెరిపి ఉన్నచోట జేబులు. కుచ్చులు గంజితో నిలబడతాయా, లేక అంచుల్లో సన్న కుట్టు వెయ్యాలా అన్నది ముక్క చేతికొచ్చి ఉతికాక తేలుతుంది. అంచు ఎత్తు కూడా ఇంకా తేలలేదు. బూట్లతో అయితే హకమా పొట్టిగా, చెప్పులతో అయితే చీలమండ దాకా ఉండాలి. మాస్టర్ ఇప్పటికే చెప్పేశాడు, కొలత ఇవ్వడానికి వచ్చేటప్పుడు బూట్లు వేసుకునే రమ్మని.